చైనా సీడీసీ వీక్లీ చదవడం ఎలా: పట్టిక ముందు, సారాంశం చివర

2020 ఫిబ్రవరిలో నేను ఒక పత్రికలో ఆరోగ్యం పేజీ చూసేదాన్ని. ఒక సాయంత్రం చైనా నుంచి పెద్ద లెక్క వచ్చింది. 44,672 మంది కరోనా రోగుల వివరాలు, అందులో ‘మైల్డ్’ 80.9 శాతం. పేజీ గంటలో వెళ్లిపోవాలి. ‘నూటికి ఎనభై మందికి మామూలు జలుబే’ అని హెడ్డింగ్ పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే మెడికల్ కాలేజీలో ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) చెప్పే ఒక ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. “మైల్డ్ అంటే ఏమిటో వాళ్లే రాశారు, చూశావా అమ్మా? న్యుమోనియా వచ్చి, అది ముదరని వాళ్లు కూడా అందులోనే ఉన్నారు,” అన్నారు. చూడలేదు. సారాంశం ఒక్కటే చదివాను.

ఆ లెక్క వచ్చిన పత్రిక పేరు చైనా సీడీసీ వీక్లీ. అప్పటి నుంచి దాన్ని చదువుతూనే ఉన్నాను. ఇలాంటి సర్కారీ వైద్య పత్రిక చేతికొస్తే మనవాళ్లు రెండే పనులు చేస్తారు. ‘చైనా లెక్కలు కదా, అన్నీ అబద్ధాలే’ అని అవతల పడేస్తారు, లేదంటే ‘సైన్స్ పత్రిక కదా’ అని కళ్లు మూసుకుని వాట్సాప్‌లో పెట్టేస్తారు. రెండింటికీ చదవాల్సిన పని లేదు. కూర్చుని చదవాలనుకునే వాళ్ల కోసం నేను చదివే పద్ధతి రాస్తున్నాను. పెన్సిల్, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఓ గంట సమయం ఉంటే చాలు. పత్రిక ఇంగ్లిష్‌లోనే వస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, వైద్య వ్యాసాలు ఉచితంగా చదువుకోనిచ్చే పబ్‌మెడ్ సెంట్రల్ సైట్‌లో కూడా దొరుకుతుంది.

మొదట, ఇల్లు ఎవరిదో తెలుసుకోండి

ఏ వ్యాసమైనా తెరిచే ముందు పత్రిక వివరాల పేజీకి వెళ్లండి. ఇది చైనా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే చైనా సీడీసీ నడిపే పత్రిక. ఆ కేంద్రం చైనా ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో ఒక భాగం. మొదటి సంచిక 2019 నవంబర్ చివర్లో వచ్చింది. నెల తిరిగేసరికి వూహాన్‌లో అంతుపట్టని న్యుమోనియా. పత్రికకు ఇంకా పురుటి వాసన కూడా పోలేదు, అప్పుడే ప్రపంచమంతా దాని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

ప్రభుత్వం నడుపుతోంది కాబట్టి పనికిరాదు అనడం తప్పు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కూడా ఒక పత్రిక నడుపుతుంది. 1913లో మొదలైన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అదే. అమెరికా సీడీసీకి ఎంఎండబ్ల్యూఆర్ అనే వారపత్రిక ఉంది, చైనా వాళ్లు నమూనాగా పెట్టుకున్నది దాన్నే. అక్కడ మాత్రం అంతా కడిగిన ముత్యమా అంటే అదీ కాదు. 2020లో ట్రంప్ ప్రభుత్వంలోని రాజకీయ నియామకాల వాళ్లు ఎంఎండబ్ల్యూఆర్ వ్యాసాల్లో వేలు పెట్టబోయారు. కాకపోతే సెప్టెంబర్ కల్లా ఆ సంగతి పేపర్లకెక్కింది, అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ మొదలుపెట్టింది. చైనాలో అలా అడిగే పేపరు, కమిటీ, కోర్టు లేవు. కాబట్టి పత్రిక ఎవరిదని అడిగి ఊరుకోవద్దు. అందులో తప్పు రాస్తే బయట పెట్టగలిగేవాళ్లు ఆ దేశంలో ఎవరైనా ఉన్నారా అని కూడా అడగండి.

ఆ రోజుల్లో అక్కడ ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. 2020 జనవరి 3న జాతీయ ఆరోగ్య కమిషన్, అనుమతి లేకుండా ఈ జబ్బు వివరాలు బయటపెట్టొద్దని ల్యాబులకు నోటీసు ఇచ్చింది. అదే రోజు వూహాన్‌లో, ఈ జబ్బు గురించి తోటి డాక్టర్లను హెచ్చరించిన డాక్టర్ లీ వెన్‌లియాంగ్‌ను పోలీసులు పిలిచి, వదంతులు పుట్టిస్తున్నావంటూ సంతకం పెట్టించుకున్నారు. జనవరి 11న షాంఘైలో శాస్త్రవేత్త జాంగ్ యోంగ్‌జెన్ బృందం వైరస్ జన్యుక్రమాన్ని ప్రపంచం ముందు పెట్టింది. మర్నాడే ‘సరిదిద్దుకోవాలి’ అంటూ వాళ్ల ల్యాబును మూయించారు. ఫిబ్రవరి 7న లీ వెన్‌లియాంగ్ అదే జబ్బుతో చనిపోయాడు. నేను తప్పు హెడ్డింగ్ పెట్టిన ఆ వ్యాసం వచ్చింది ఆ తర్వాత పది రోజులకు. దాన్ని రాసినవాళ్లు ఈ గాలి పీలుస్తూనే రాశారు. రచయితల చోట మనిషి పేరు లేకుండా అత్యవసర స్పందన ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు పాకే తీరు చూసే శాస్త్రం) బృందం అని మాత్రమే ఉండటం కూడా గమనించండి.

శీర్షిక పైనున్న చిన్న అక్షరాలు

ప్రతి వ్యాసం శీర్షిక పైన అది ఏ రకమో ఉంటుంది. వైటల్ సర్వైలెన్సెస్ అంటే దేశమంతటి నుంచి వచ్చే రిపోర్టుల మీద లెక్క. ప్రీప్లాన్డ్ స్టడీస్ అంటే ముందే పథకం వేసుకుని చేసిన అధ్యయనం. అవుట్‌బ్రేక్ రిపోర్ట్స్, నోట్స్ ఫ్రమ్ ద ఫీల్డ్ అనేవి ఫలానా ఊళ్లో ఫలానా జబ్బు తగిలిందని చెప్పే చిన్న రిపోర్టులు. పర్‌స్పెక్టివ్స్, కామెంటరీ అనేవి అభిప్రాయాలు. నా అనుభవంలో మొదటి మూడు రకాల్లో సరుకు ఎక్కువ. అభిప్రాయాలు మాత్రం ప్రభుత్వం గొంతుతోనే మాట్లాడతాయి, వాటిని చివరికి ఉంచుకోండి.

సారాంశం వదిలేసి పట్టికకు వెళ్లండి

సారాంశం అందరూ చదువుతారు. పైవాళ్లు చదివేది, విదేశీ విలేకరులు కాపీ చేసుకునేది అదే. అందుకే దాన్ని పదిసార్లు దిద్దుతారు. పట్టికలో ఏడో వరుసను అంత శ్రద్ధగా ఎవరు దిద్దుతారు? కర్ర విరగకుండా పాము చావకుండా రాయాల్సిన చోట మంచి ఎపిడెమియాలజిస్టు చేసే పని ఇదే. మాట మెత్తగా రాసి, అంకెను పట్టికలో ఉన్నదున్నట్టు పెట్టేస్తాడు.

ఆ ఫిబ్రవరి వ్యాసాన్నే తీసుకుందాం. మొత్తం 72,314 రికార్డులు, వాటిలో పరీక్షలో తేలిన కేసులు 44,672, మరణాలు 1,023. భాగిస్తే 2.3 శాతం. ప్రపంచమంతా పట్టుకున్నది ఈ అంకెనే. ఇప్పుడు మొదటి పట్టికలో, రోగికి లక్షణాలు మొదలైన తేదీ ప్రకారం విడగొట్టిన వరుసలు చూడండి.

2019 డిసెంబర్ 31 లోపు: 104 కేసులు, 15 మరణాలు
2020 జనవరి 1 నుంచి 10: 653 కేసులు, 102 మరణాలు
జనవరి 11 నుంచి 20: 5,417 కేసులు, 310 మరణాలు
జనవరి 21 నుంచి 31: 26,468 కేసులు, 494 మరణాలు
ఫిబ్రవరి 1 నుంచి 11: 12,030 కేసులు, 102 మరణాలు

ముందు నిలువుగా కూడండి. 44,672, 1,023 రావాలి, వస్తాయి కూడా. ఇది చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది కానీ మానకండి. కూడిక కుదరని పట్టికలు నేను చాలానే చూశాను, అలాంటి చోట అక్కడే ఆగి కింద ఫుట్‌నోట్ వెతకాలి.

తర్వాత అడ్డంగా భాగించండి. 14.4 శాతం, 15.6, 5.7, 1.9, చివరికి 0.8. ఒకే జబ్బు, ఒకే దేశం, ఆరు వారాల్లో మరణాల శాతం పదిహేను నుంచి ఒకటి లోపుకు పడిపోయింది. వైద్యం అంతలో అంత మెరుగైపోయిందా? కొంత అయ్యుండొచ్చు. కానీ పై వరుసల్లో ఉన్నది ప్రాణం మీదికి వచ్చి ఆసుపత్రికి చేరినవాళ్లు. తేలికగా వచ్చి పోయినవాళ్లు అప్పట్లో ఎవరి లెక్కలోకీ రాలేదు. కింది వరుసలోని వాళ్లలో చాలామంది లెక్క కట్టిన రోజుకి ఇంకా మంచం మీదే ఉన్నారు. వాళ్లు బతికారో లేదో ఫిబ్రవరి 11కి ఎవరికీ తెలియదు. పై వరుసల్లో కేసుల సంఖ్య తక్కువైంది, కింది వరుసలో మరణాల సంఖ్య తక్కువైంది. ఈ రెండు కుంటి కాళ్ల మీద నిలబడింది 2.3.

అదే వ్యాసంలో మరో వరుస ఉంది, దాన్ని దాదాపు ఎవరూ చదవరు. రోగికి ముందే షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా అన్న భాగంలో ‘సమాచారం లేదు’ అనే వరుస. 23,690 మంది, అంటే 53 శాతం. చనిపోయిన 1,023 మందిలో 617 మంది ఆ వరుసలోనే ఉన్నారు. పాత జబ్బులేవీ లేనివాళ్లలో మరణాలు 0.9 శాతమే అని అప్పట్లో మన టీవీల్లో తెగ చెప్పారు. నేనూ నమ్మాను. సగానికి పైగా మనుషుల వివరాలు లేకుండా కట్టిన శాతమని ‘సమాచారం లేదు’ వరుస చూస్తేనే తెలుస్తుంది. ఏ పట్టికలోనైనా ముందు ఆ వరుసనే వెతకండి.

మాటకు వాళ్లిచ్చిన అర్థం రాసుకోండి

‘మైల్డ్’ దగ్గర నేను బోల్తా పడ్డ సంగతి చెప్పాను. ఆ వ్యాసంలో ‘సివియర్’ అంటే ఆయాసం, నిమిషానికి 30కి తగ్గని ఊపిరి, ఆక్సిజన్ 93 లేదా అంతకన్నా తక్కువ వంటివి ఉండాలి. అంతవరకు రానివాళ్లంతా మైల్డే. ఆక్సిజన్ 94 ఉన్న మనిషిని ఇంట్లో మీ పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ‘మామూలు జలుబు’ అనగలరేమో. నేను మాత్రం అన్నాను, అచ్చులో.

‘కేసు’, ‘మరణం’ అనే మాటలకు కూడా ఇదే పని చేయాలి. లక్షణాలు లేని పాజిటివ్‌లను చైనా కేసుల మొత్తంలో కలపలేదు. వాళ్ల సంఖ్యను విడిగా రోజూ చెప్పడం కూడా 2020 మార్చి ఆఖరుకు గానీ మొదలు కాలేదు. 2020 ఫిబ్రవరి 12న వూహాన్ ఉన్న హుబేయ్ ప్రావిన్స్‌లో పరీక్ష లేకుండా డాక్టరు నిర్ధారించిన వాళ్లనీ కలిపారు, ఒక్కరోజులో కొత్త కేసులు 14,840. వాటిలో 13,332 నిర్వచనం మారడం వల్ల వచ్చినవే. ఆ రోజు గ్రాఫ్ చూసి గుండెలు బాదుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

2022 డిసెంబర్ మరీ విచిత్రం. జీరో కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక, వైరస్ వల్ల న్యుమోనియాతోనో ఊపిరి ఆగిపోయో చనిపోతేనే కోవిడ్ మరణం అన్నారు. శ్మశానాల దగ్గర బారులు, అధికారిక లెక్కలో మాత్రం కొన్ని రోజులు సున్నా. డిసెంబర్ 25న ఆరోగ్య కమిషన్ రోజువారీ లెక్క చెప్పడమే మానేసింది. 2023 జనవరి 14న మళ్లీ వచ్చి, డిసెంబర్ 8 నుంచి జనవరి 12 వరకు ఆసుపత్రుల్లో 59,938 మంది చనిపోయారంది. అందులో ఊపిరి ఆగి పోయినవాళ్లు 5,503, పాత జబ్బుకు కోవిడ్ తోడై పోయినవాళ్లు 54,435. పాత నిర్వచనమే పట్టుకుని ఉంటే ఇందులో పదో వంతు మించి బయటికొచ్చేది కాదు. పైగా ఇది ‘ఆసుపత్రుల్లో’ లెక్క. ఇంట్లో పోయినవాళ్లు ఇందులో లేరు. ఆ కాలానికి సంబంధించిన ఏ వ్యాసం చదివినా, మరణం అంటే ఏది అని పెన్సిల్‌తో పక్కన రాసుకోండి.

మూడు తేదీలు పక్కపక్కన పెట్టండి

జబ్బు మొదలైన తేదీ, తేలిన తేదీ, బయటికి చెప్పిన తేదీ. పై పట్టికలో ఉన్నది మొదటిది. జనవరి 10 వరకు లక్షణాలు మొదలైనవాళ్లు 104 ప్లస్ 653, అంటే 757. జనవరి 11న వూహాన్ ఆరోగ్య శాఖ ప్రపంచానికి చెప్పింది 41. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఆ 41 కదల్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే హుబేయ్ ప్రావిన్స్ వార్షిక రాజకీయ సమావేశాలు జరుగుతున్నాయి. జనవరి 20న ప్రభుత్వ నిపుణుల బృందం పెద్ద డాక్టర్ జోంగ్ నాన్‌షాన్ టీవీలో ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి సోకుతోందని చెప్పేసరికి, ఇదే పట్టిక ప్రకారం 6,174 మందికి లక్షణాలు మొదలైపోయాయి.

ఇక్కడే జాగ్రత్త కావాలి. 757లోంచి 41 తీసేసి ‘716 కేసులు దాచారు’ అని రాయకండి. ఆ 757లో చాలామందికి పరీక్ష తర్వాత జరిగింది, పాత తేదీని రోగి గుర్తు చేసుకుని చెప్పాడు. జనవరి 10కి అధికారుల చేతిలో ఎన్ని పేర్లున్నాయో ఈ పట్టిక చెప్పదు. జబ్బు ఎంత ముందు నుంచి, ఎంత వేగంగా పాకుతోందో చెబుతుంది. అది చాలదా? ప్రభుత్వం మనిషి నుంచి మనిషికి సోకుతున్న ఆధారం స్పష్టంగా లేదని చెబుతున్న రోజుల కథ, ప్రభుత్వ పత్రికలోనే అచ్చయింది. ఎవరూ దొంగిలించి బయటపెట్టక్కర్లేకపోయింది.

లేనిదాన్ని వెతకండి

ఇది కాస్త కష్టమైన పని. ఏ విషయం మీద వ్యాసాలు కుప్పలుగా వస్తున్నాయో, ఏది అకస్మాత్తుగా ఆగిపోయిందో చూడాలి. వైరస్ ఎక్కడ పుట్టిందన్న విషయం మీద 2020 మార్చిలో చైనా కొత్త నిబంధన తెచ్చింది, అలాంటి పరిశోధన అచ్చుకు వెళ్లే ముందు పై అనుమతి కావాలని. ఫుదాన్ యూనివర్సిటీ సైట్‌లో ఆ నోటీసు కనిపించి, విదేశీ పేపర్ల కంట పడగానే మాయమైంది.

తొలి రోగుల్లో చాలామందికి సంబంధం ఉన్న వూహాన్‌లోని హువానాన్ మార్కెట్ సంగతి చూడండి. 2020 జనవరి 26న చైనా సీడీసీ, మార్కెట్ నుంచి తెచ్చిన 585 నమూనాల్లో 33లో వైరస్ దొరికిందని చెప్పింది. దాని వెనకున్న జన్యు డేటా మాత్రం బయటి శాస్త్రవేత్తల కంటబడింది 2023 మొదట్లో. అదీ ఒక అంతర్జాతీయ డేటాబేస్‌లో కొద్దికాలం ఉండి మాయమైంది. మార్చి 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్, ఇది మూడేళ్ల కిందటే ఇవ్వాల్సిందన్నారు. అది దొంగతనమో, భయమో, ముందు మనమే అచ్చేసుకోవాలన్న మామూలు శాస్త్రవేత్తల పేరాశో బయటినుంచి చెప్పలేం. సంఖ్య చెప్పి డేటా ఇవ్వని చోట ఒక గుర్తు పెట్టుకుని ముందుకు పొండి.

అదే లెక్క వేరే తూకంలో

ఒక అంకె దొరికాక దాన్ని ఇంకోచోట తూచండి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ వూహాన్ మరణాలు. 2020 ఏప్రిల్ 17న నగరం తన లెక్కను 1,290 పెంచి 3,869 చేసింది. 2021 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది, రాసినవాళ్లలో చైనా సీడీసీ వాళ్లే ఉన్నారు. వాళ్లు కోవిడ్ మాట పక్కనబెట్టి, 2020 మొదటి మూడు నెలల్లో వూహాన్‌లో మొత్తం ఎంతమంది చనిపోయారో మరణాల రిజిస్టర్లలో చూసి 2019తో పోల్చారు. అదనంగా 5,954 మంది, అందులో న్యుమోనియా వల్లే 4,573.

అంటే అధికారిక లెక్కకు, వాళ్ల మనుషులే విదేశీ పత్రికలో వేసిన లెక్కకు తేడా ఉంది, కానీ ‘లక్షల శవాలు’ అని మన వాట్సాప్‌లో తిరిగినంత కాదు. రిజిస్టర్లు కూడా ప్రభుత్వానివే కదా అనొచ్చు. నిజమే. అయినా కారణం దిద్దినంత తేలిక కాదు మరణాన్నే దాచడం. శవానికి కాగితం కావాలి, ఆస్తికి, పింఛనుకు కాగితం కావాలి. 2021 వేసవిలో మన ఊళ్లలో కూడా ఇదే చూశాం. కోవిడ్ బులెటిన్‌లో లేని మనిషి మున్సిపాలిటీ రిజిస్టర్‌లో ఉన్నాడు.

ఇప్పుడు సారాంశం చదవండి

ఇంతా అయ్యాక మొదటి పేజీకి రండి. ఆ ఫిబ్రవరి వ్యాసం సారాంశంలో, హుబేయ్ నుంచి దేశమంతా పాకడానికి జబ్బుకు 30 రోజులే పట్టిందనీ, సెలవుల నుంచి జనం తిరిగొస్తున్నారు కాబట్టి మళ్లీ పెరగొచ్చు, సిద్ధంగా ఉండాలనీ ఉంది. పొగడ్త లేదు, దాపరికం కూడా అంతగా లేదు. పట్టిక చూశాక చదివితే ఈ రెండు వాక్యాలు రాసినవాళ్ల మీద నాకు గౌరవమే కలిగింది. కొన్ని వ్యాసాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పట్టిక ఒకటి చెబుతుంది, చివరి పేరా ప్రభుత్వ విధానం గొప్పదని ముగిస్తుంది. అలాంటప్పుడు పట్టిక తీసుకుని పేరా వదిలేయండి.

మీరు ఎక్కడైనా రాసేటప్పుడు అంకెకు మూడు తోకలు తగిలించండి: ఎవరు చెప్పారు, ఏ తేదీ వరకు, ఏ అర్థంలో. ‘చైనాలో మరణాలు 2.3 శాతం’ అనకండి. ‘ఫిబ్రవరి 11 వరకు పరీక్షలో తేలిన కేసుల్లో, అప్పటికి చనిపోయినవాళ్లు 2.3 శాతమని చైనా సీడీసీ చెప్పింది’ అనండి. హెడ్డింగ్‌లో పట్టదు, తెలుసు. పట్టకపోతే అంకె లేకుండా హెడ్డింగ్ పెట్టండి.

ఇంకొక్క మాట, చైనాలో చదివిన, చదువుతున్న మన పిల్లల గురించి. వూహాన్ నుంచి ఎయిర్ ఇండియా మొదటి విమానం 2020 ఫిబ్రవరి 1న 324 మందిని ఢిల్లీకి తెచ్చినప్పుడు అందులో తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు కూడా ఉన్నారు. అక్కడి మెడికల్ కాలేజీల్లో మనవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వ్యాసంలో ఏదైనా తేడా కనబడగానే ‘అక్కడ నిజంగా ఏం జరుగుతోందిరా?’ అని వీచాట్‌లో (చైనా వాళ్ల వాట్సాప్ లాంటిది) మెసేజ్ పెట్టకండి. అక్కడి ప్రొఫెసర్ల పేర్లు చెప్పి అడగకండి, పట్టిక స్క్రీన్‌షాట్ మీద ఎర్రగీత గీసి పంపకండి. వీచాట్‌లో రాసింది ఇంకెవరు చదువుతారో మీ చేతుల్లో ఉండదు, జవాబు చెప్పుకోవాల్సింది అక్కడున్న పిల్లాడు. తిన్నావా, పరీక్షలెప్పుడు అని అడగండి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పీడీఎఫ్ ప్రింటు తీసి ముందు పెట్టి, ఇద్దరూ పెన్సిళ్లు పట్టుకుని కూర్చోండి.